వింటికి నప్పే నారి

విల్లు గురించి అడిగేవాళ్ళు ముందు కర్ర గురించే అడుగుతారు. ఏ వెదురు, ఎన్నాళ్ళు ఆరబెట్టారు, ఎన్ని పౌండ్లు లాగుతుంది? ఇవే ప్రశ్నలు. నారి సంగతి గుర్తొచ్చేది అది తెగినప్పుడే. అప్పుడు కొత్త దారం కోసం వెతికితే డాక్రాన్, ఫాస్ట్ ఫ్లైట్, డైనీమా, వెక్ట్రాన్ అంటూ రకరకాల పేర్లు, వాటి పక్కన అంకెలు కనిపిస్తాయి. అన్నీ బలమైనవేనని చెప్పుకుంటాయి. అన్నిటికన్నా బలమైనది కొంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అలా తెచ్చి పేనిన నారి తెగదు, నిజమే. కాని దాన్ని మామూలు వెదురు వింటికి ఎక్కిస్తే కొన్నాళ్ళకు వింటి కొస చీలే ప్రమాదం ఉంది.

చెక్కతోనో వెదురుతోనో చేసిన వింటికి దారం ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది అది ఎంత సాగుతుందన్నది. బలం ఆ తర్వాతి లెక్క. ఈ మాట విలువిద్య నేర్చుకునే ప్రతివాళ్ళకూ మొదటి రోజే చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఎందుకంటే నారి తెగితే పోయేది వంద రూపాయల దారం. విల్లు విరిగితే పోయేది ఒక మనిషి నెలల పని.

ఇది అర్థం కావాలంటే బాణం వదిలిన క్షణంలో ఏం జరుగుతుందో చూడాలి. విల్లు లాగినప్పుడు దాని రెండు రెక్కలూ వంగి, మన భుజబలాన్ని దాచుకుంటాయి. వదలగానే రెక్కలు ముందుకు దూకుతాయి, వాటితోపాటు నారి, నారితోపాటు బాణం. నారి దాదాపు తిన్నగా అయ్యే సమయానికి బాణం దాన్ని విడిచి వెళ్ళిపోతుంది. కాని రెక్కలు ఇంకా ఆగలేదు. దాచుకున్న శక్తిలో బాణం తీసుకెళ్ళగా మిగిలినది వాటిలోనే ఉంది. వాటిని ఆపేది నారి ఒక్కటే. ఆ క్షణంలో నారి మీద పడే బిగువు, మనం లాగిన బరువుకు కొన్ని రెట్లు ఉంటుంది. అందుకే నారి బలం వింటిని లాగే బరువుకు కనీసం నాలుగు రెట్లు ఉండాలని పాత విలుకాళ్ళ లెక్క.

ఆ కుదుపు ఎక్కడికి పోతుంది? బావిలోకి జారిపోతున్న నిండు బిందెను కొబ్బరి తాడుతో ఆపితే చేతికి తగిలే దెబ్బ వేరు, ఇనప తీగతో ఆపితే తగిలే దెబ్బ వేరు. కొంచెం సాగే నారి కుదుపును కొంత తనలో ఇముడ్చుకుని, మిగిలినదాన్ని కాస్త నిదానంగా వింటికి అందిస్తుంది. సాగని నారి మొత్తాన్నీ ఒక్కసారిగా వింటి కొసల మీద దించుతుంది. కొస అంటే చిటికెన వేలంత కర్ర. దానికి రెండు పక్కలా గంట్లు, ఆ గంట్లలో నారి ఉచ్చు. సన్నటి, సాగని ఉచ్చు ప్రతి బాణానికీ ఆ గంటులోకి కొంచెం కొంచెం కోసుకుంటూ పోతుంది. వెదురు పోగులు నిలువుగా ఉంటాయి కాబట్టి గంటు దగ్గర మొదలైన చీలిక అక్కడితో ఆగదు, రెక్క పొడుగునా కిందికి దిగుతుంది.

మన పూర్వులు వాడిన నారులన్నీ ఏదో ఒక జీవి నుంచో చెట్టు నుంచో వచ్చినవే. జంతువుల నరాలు, పట్టు, చెట్ల నారలు. భిల్లులు ఇప్పటికీ వెదురు వింటికి వెదురు బద్దనే నారిగా కడతారు. మూర్వ అని సంస్కృతంలో, చాగ అని మనవైపు పిలిచే మొక్క ఆకుల నుంచి తీసిన నార వింటినారికి పేరుపడ్డది. ఆ జాతిలో ఒకదానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో ఉన్న రాక్స్‌బర్గ్, 18వ శతాబ్దం చివర్లో మన సామర్లకోటలో ఏళ్ళ తరబడి మొక్కల మీద పనిచేసిన విలియం రాక్స్‌బర్గే. తుర్కుల విళ్ళకు పట్టు, ఇంగ్లండు పొడుగు విళ్ళకు గంజాయి జాతి నార, తర్వాతి కాలంలో అవిసె నార వాడారు. ఇవన్నీ మంచివే, కాని వాన పడితే ఒకలా, ఎండ కాస్తే ఒకలా ప్రవర్తిస్తాయి. పోగు పోగుకూ బలంలో తేడా ఉంటుంది. ఎప్పుడు తెగుతాయో చెప్పలేం.

ఈ అనిశ్చితిని తీర్చింది పాలియెస్టర్. 1941లో ఇంగ్లండులో జాన్ రెక్స్ విన్‌ఫీల్డ్, జేమ్స్ టెనెంట్ డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు కనిపెట్టిన పోగు అది. బ్రిటన్‌లో దాన్ని టెరిలిన్ అన్నారు. మన నాన్నల, తాతల కాలంలో ఇస్త్రీ నలగని చొక్కాగా ఊరూరా మోజు పుట్టించిన టెరిలిన్ అదే. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ దానికే డాక్రాన్ అని పేరు పెట్టి అమ్మింది. విలుకాళ్ళకు ఆ రెండో పేరే అలవాటైంది. వింటినారి కోసమే తయారుచేసిన డాక్రాన్ బి-50, బి-55 పేర్లతో దొరుకుతుంది. తడిస్తే పాడవదు, ఎండకు బాగా ఆగుతుంది, చౌక. అన్నిటికన్నా ముఖ్యంగా, సాగుతుంది, మళ్ళీ తన పొడవుకు వస్తుంది. అయితే అతిగా సాగదు. నైలాన్ అతిగా సాగుతుంది. ఊళ్ళో పిల్లలు వల దారంతో కట్టిన విల్లు ఎంత లాగినా బాణం నీరసంగా పోవడానికి కారణం అదే. మన శక్తి బాణానికి చేరకుండా దారం సాగదీతలోనే ఖర్చవుతుంది. నారిగా పనికిరాని నైలాన్, నారి మీద చుట్టే కట్టుకు మాత్రం బాగా పనికొస్తుంది. ఆ సంగతి తర్వాత.

డాక్రాన్ తర్వాత వచ్చిన కెవ్లార్ కథ క్లుప్తంగా చెప్పుకోవాలి, అందులో ఒక పాఠం ఉంది కాబట్టి. డ్యూపాంట్‌లో పనిచేసిన స్టెఫనీ క్వోలెక్ 1965లో దీనికి దారి చూపింది. బుల్లెట్‌ను ఆపే కవచాల్లో వాడేంత బలం. 1970లలో పోటీల్లో పాల్గొనే విలుకాళ్ళు దీన్ని నారిగా వాడి చూశారు. సాగదు కాబట్టి బాణం వేగం పెరిగింది. కాని లాగే బలాన్ని తట్టుకునే కెవ్లార్, మళ్ళీ మళ్ళీ వంగడాన్ని తట్టుకోలేదు. బాణం గాడి కూర్చునే చోట, ఉచ్చు వంపులో పోగులు ఒకదాన్నొకటి రాసుకుని లోపల్లోపలే అరిగి, ముందు సూచన ఏమీ లేకుండా పుటుక్కున తెగేవి. ఎన్ని బాణాలు వేశామో లెక్కపెట్టుకుని, తెగకముందే నారి మార్చేసేవాళ్ళు. బలం అనే ఒక్క అంకెను చూసి దారం కొనకూడదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు.

ఆ తర్వాత వచ్చినదే ఇవాళ రాజ్యమేలుతోంది. మనం కూరగాయలు తెచ్చుకునే పాలిథిన్ సంచి ఏ పదార్థమో, ఇదీ ఆ కుటుంబానిదే. తేడా అణుగొలుసుల పొడవులో, వాటి అమరికలో ఉంది. ఇందులో గొలుసులు విపరీతమైన పొడవు ఉంటాయి. వాటిని ద్రావకంలో కరిగించి, జిగురులాంటి స్థితిలో పోగుగా లాగితే గొలుసులన్నీ ఒకే దిక్కుకు తిరిగి వరసగా పడుకుంటాయి. నెదర్లాండ్స్‌లోని డీఎస్ఎం కంపెనీలో పాల్ స్మిత్, పీట్ లెమ్‌స్ట్రా 1970ల చివర్లో ఈ పద్ధతిని సాధించారు. అక్కడ తయారైనది డైనీమా. అమెరికాలో అలైడ్ కంపెనీ 1980లలో తెచ్చిన ఇదే పదార్థం స్పెక్ట్రా. బ్రౌనెల్ కంపెనీ ఫాస్ట్ ఫ్లైట్ పేరుతో దీన్ని విలుకాళ్ళకు అందించింది. ఆ పేరు ఎంతగా పాకిందంటే, ఇప్పటికీ సాగని నారి ఏదైనా సరే దాన్ని ఫాస్ట్ ఫ్లైట్ అనేస్తారు. ఈ పోగు నీటికన్నా తేలిక, నీటి మీద తేలుతుంది. తెగేదాకా లాగినా పొడవులో మూడున్నర శాతానికి మించి సాగదు. పాలియెస్టర్ అంతకు మూడు నాలుగు రెట్లు సాగుతుంది.

దీనికి రెండు లోపాలున్నాయి. ఒకటి, జారుడు. మామూలు ముడి వేస్తే నిలవదు, జారిపోతుంది. రెండోది కాస్త వివరించాలి. నారి పొడవు పెరగడం మూడు రకాలు. లాగినప్పుడు సాగి, వదిలితే వెనక్కి వచ్చేది ఒకటి. పురి, ఉచ్చులు బిగుసుకుంటూ సర్దుకోవడం వల్ల మొదటి రోజుల్లో పెరిగేది ఒకటి. ఇక మూడోది, నిరంతర బరువు కింద పోగే మెల్లమెల్లగా పొడవై, మళ్ళీ ఎప్పటికీ వెనక్కి రాకపోవడం. డైనీమాకు ఈ మూడో జబ్బు ఉంది, వేడి తగిలితే ఇంకా ఎక్కువ. రెక్కల చివర చక్రాలతో పనిచేసే కాంపౌండ్ వింటికి ఇది పెద్ద చిక్కు. నారి, కేబుళ్ళు మిల్లీమీటరు సాగినా చక్రాల లెక్క తప్పుతుంది. అందుకే అసలు అలా సాగని వెక్ట్రాన్ పోగును కలిపి మిశ్రమ దారాలు చేశారు. బీసీవై కంపెనీ 452ఎక్స్ అలాంటిదే, రెండు వంతులు డైనీమా, ఒక వంతు వెక్ట్రాన్. సంప్రదాయ విల్లుకు ఈ మిశ్రమాల అవసరం నాకు కనిపించదు. ఇక్కడ నారి కాస్త పొడవైతే రెండు పురులు ఎక్కిస్తే సరి.

విజయవాడ పిల్లలు జ్యోతి సురేఖ, ధీరజ్ బొమ్మదేవర అంతర్జాతీయ పోటీల్లో గెలుస్తుంటే చూసి, మన ఊళ్ళలో ఎంతోమంది విల్లు పడుతున్నారు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో సురేఖ మూడు స్వర్ణాలు తెచ్చింది. ఆమెది కాంపౌండ్ విల్లు, ధీరజ్‌ది ఒలింపిక్ రికర్వ్, అంటే కొసలు ముందుకు వంగిన విల్లు. వాటి నడుము లోహం, రెక్కలు కార్బన్, ఫైబర్ వంటివాటితో చేసినవి. వాటి కొసలు సాగని నారి కోసమే తయారయ్యాయి. ఆ నారిని చూసి అదే దారం ఇంట్లోని వెదురు వింటికి కట్టడం పొరపాటు. మన దేశంలో ఇండియన్ రౌండ్ అని వెదురు విళ్ళతోనే జాతీయ పోటీలు జరుగుతాయి. ఖరీదైన సామగ్రి కొనలేని గిరిజన పిల్లలకు, పల్లె పిల్లలకు విలువిద్యలోకి అదే వాకిలి. ఆ విళ్ళకు డాక్రాన్ కట్టమనే నేను చెబుతాను. 1980లకు ముందు తయారైన పాత ఫైబర్‌గ్లాస్ రికర్వ్‌లకైనా అంతే. వాటిని చేసినవాళ్ళు డాక్రాన్‌ను దృష్టిలో పెట్టుకునే చేశారు. కొసల మీద కొమ్ము, గట్టి కర్ర లేదా ఫైబర్ పలకలు అతికించి బలపరిచిన విల్లైతే, చేసినవాళ్ళు సరే అంటే, అప్పుడు డైనీమా వాడొచ్చు.

జపాన్ విలుకాళ్ళు కూడా ఈ విషయాన్ని గ్రహించారు. అక్కడి విలువిద్య క్యూదోలో సింథటిక్ నారులు వచ్చి చాలాకాలమైంది. అభ్యాసానికి, ఫైబర్‌తో చేసిన విళ్ళకు వాటినే వాడతారు. మంచి వెదురు యుమికి, అంటే జపాన్ వింటికి మాత్రం గంజాయి జాతి నారతో పేనిన నారినే ఇష్టపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది తొందరగా తెగుతుందని తెలుసు. ఏదో ఒకటి పోవాల్సి వస్తే నారే ముందు పోయి విల్లు మిగలాలన్నది వాళ్ళ లెక్క.

మరి సాగని నారితో వచ్చే లాభం ఎంత? 1930లలో అమెరికన్ భౌతిక శాస్త్రజ్ఞుడు క్లారెన్స్ హిక్‌మన్ విల్లును ప్రయోగశాలలో పెట్టి కొలిచాడు. నారి బరువులో మూడో వంతు బాణానికి కట్టినట్టే లెక్క అని తేల్చాడు. మధ్యలో బాణంతోపాటు పరుగెత్తే నారి, కొసల దగ్గర దాదాపు కదలదు కాబట్టి మొత్తం బరువు లెక్కలోకి రాదు. డాక్రాన్ నారి 9 గ్రాములు, డైనీమా నారి 6 గ్రాములు అనుకుందాం. తేడాలో మూడో వంతు ఒక గ్రాము. 30 గ్రాముల బాణం మీద ఒక గ్రాము. సాగకపోవడం వల్ల కలిసొచ్చేదాన్ని కూడా కలుపుకున్నా, సెకనుకు 50 మీటర్ల వేగంతో పోయే బాణానికి ఒకటి రెండు మీటర్లు పెరుగుతుందేమో. పోటీలో 70 మీటర్ల దూరం కొట్టేవాళ్ళకు అది ముఖ్యమే. పెరట్లో 20 మీటర్ల దూరంలో గడ్డిమోపు మీద గురి నేర్చుకునేవాళ్ళు, ఆ ఒక్క మీటరు కోసం విల్లును పణంగా పెట్టడం ఎందుకు?

ఎన్ని పోగులు వేయాలన్నది తర్వాతి ప్రశ్న. డాక్రాన్ ఒక్క పోగు సుమారు 50 పౌండ్లు, అంటే 22 కిలోల దాకా ఆగుతుంది. 40 పౌండ్ల విల్లుకు నాలుగు రెట్లంటే 160 పౌండ్లు. కాగితం మీద నాలుగు పోగులు చాలు. కాని వాడుకలో ఆ వింటికి 12 పోగులు వేస్తారు. ఇంత ఎక్కువ ఎందుకంటే, మొదట, పోగులన్నీ సమానంగా బరువు మోయవు. ఎంత జాగ్రత్తగా పేనినా కొన్ని బిగువుగా, కొన్ని వదులుగా ఉంటాయి. రెండోది, ఉచ్చు వంపు దగ్గర ఏ పోగైనా తన బలంలో కొంత కోల్పోతుంది. ఇక నారి మరీ సన్నగా ఉంటే వింటి గంటును కోస్తుంది, వేళ్ళనూ కోస్తుంది, బాణం గాడిలో వదులుగా ఊగుతుంది. అందుకని 25 నుంచి 35 పౌండ్ల విల్లుకు 10 పోగులు, 35 నుంచి 45కి 12, 45 నుంచి 55కి 14, ఆపైన 16. దశాబ్దాలుగా నిలిచిన లెక్క ఇది. డైనీమా పోగు ఒక్కొక్కటి 100 పౌండ్లకు అటూ ఇటూ ఆగుతుంది కాబట్టి ఎనిమిది పోగులతోనే పని జరుగుతుంది. కాని అప్పుడు ఉచ్చుల దగ్గర అదనంగా పొట్టి పోగులు కలిపి వాటిని లావు చేయాలి. గంటులో కూర్చునే చోట నారి ఎంత లావుంటే కొసకు అంత మంచిది.

ఇక పేనడం. రెండు పద్ధతులున్నాయి. రెండు మేకుల మధ్య ఒకే దారాన్ని చుట్లు చుట్లుగా తిప్పి, చివర్ల దగ్గర గట్టిగా దారం చుట్టి ఉచ్చులు చేయడం ఒకటి. ఒలింపిక్ విళ్ళ నారులు ఎక్కువగా అలాగే చేస్తారు. రెండోది ఫ్లెమిష్ పురి. దీనికి ముడి అక్కర్లేదు, మేకులూ పెద్దగా అక్కర్లేదు, పొడవు సర్దుకోవడం తేలిక. పలుపుతాడు పేనడం చూసినవాళ్ళకు ఇందులో కొత్తేమీ ఉండదు. సంప్రదాయ విల్లుకు ఇదే నప్పుతుంది.

66 అంగుళాల రికర్వ్ అనుకోండి. నారి దానికన్నా నాలుగు అంగుళాలు తక్కువ, అంటే 62 ఉండాలి. తిన్నటి పొడుగు విల్లైతే మూడు అంగుళాలు తగ్గిస్తే చాలు. ఉచ్చులకు, వాటి వెనక కలిసిపోయే తోకలకు ఒక్కోవైపు తొమ్మిది అంగుళాల చొప్పున కలిపితే 80 అంగుళాల పోగులు కావాలి. 12 పోగులను ఆరేసి చొప్పున రెండు పేటలు చేయాలి. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు తీసుకుంటే పేనేటప్పుడు కన్ను తడబడదు. ఒక చిన్న కిటుకు: ఆరు పోగుల చివర్లనూ ఒకే చోట కత్తిరించకూడదు. అరంగుళం తేడాతో మెట్లుమెట్లుగా కత్తిరించాలి. అలా చేస్తే తోక నారిలో కలిసిపోయే చోట సన్నగా తేలుతుంది. లేకపోతే లావు ఒక్కసారిగా పడిపోయి, అక్కడే నారి బలహీనపడుతుంది. చివర్లకు తేనెమైనం ధారాళంగా పట్టించాలి. పేట జిగురుగా, ఒకే తాడులా ఉండాలి.

రెండు పేటలనూ చివర నుంచి తొమ్మిది అంగుళాల దగ్గర ఎడమచేత్తో నొక్కి పట్టుకోండి. ఎర్రది అవతల, నల్లది ఇవతల ఉన్నాయి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య ఎర్ర పేటను పట్టుకుని మీకు దూరంగా గట్టిగా పురి తిప్పండి. ఆ పురి జారకుండానే దాన్ని నల్లదాని మీదుగా మీ వైపుకు తీసుకురండి. ఇప్పుడు నల్లది అవతలికి వెళ్ళింది. దాన్నీ అలాగే దూరంగా తిప్పి, ఎర్రదాని మీదుగా ఇవతలికి తేవాలి. ఇదే పని మళ్ళీ మళ్ళీ. ప్రతి పేటా ఒక దిక్కుకు తిరుగుతోంది, రెండూ కలిసి దానికి ఎదురు దిక్కుకు అల్లుకుంటున్నాయి. పేట విడిపోవాలని చూస్తే అల్లిక బిగుస్తుంది, అల్లిక విడిపోవాలని చూస్తే పేట బిగుస్తుంది. ముడి లేకుండా నారి నిలబడేది ఈ పోట్లాట వల్లే. డైనీమా లాంటి జారుడు దారం కూడా ఇందులో కదలదు. ఎడమ బొటనవేలు ప్రతి మెలికనూ వెంటనే నొక్కి పట్టుకుంటూ పోవాలి. ఒక్క మెలిక వదులైతే అది బరువు మోయదు, పక్కదాని మీద పడుతుంది.

మూడు అంగుళాలు అల్లాక దాన్ని మడిస్తే పై ఉచ్చు తయారు. ఇది రెక్క మీదుగా కిందికి జారాలి కాబట్టి కాస్త పెద్దది. కింది ఉచ్చుకు రెండు అంగుళాలు చాలు. మడిచిన దగ్గర ఎర్ర తోకను ఎర్ర పేటతో, నల్ల తోకను నల్ల పేటతో కలిపి, మైనంతో అతికించి, అదే వరసలో తోకలు అయిపోయేదాకా అల్లుకుంటూ పోవాలి. తర్వాత ఈ ఉచ్చును ఒక మేకుకు తగిలించి, రెండు పేటలనూ విడదీసి, మధ్య భాగంలో చేరిన పురి అంతా విప్పి, పోగులన్నీ సమానంగా బిగువుగా ఉండేట్టు వేళ్ళతో దువ్వి, అప్పుడే రెండో ఉచ్చు మొదలుపెట్టాలి. తొందరపడి ఈ దువ్వడం వదిలేస్తే చివర్లో నారి ఒక పక్కకు పాములా వంకర తిరుగుతుంది.

రెండు ఉచ్చులూ అయ్యాక నారి మొత్తానికి రెండు మూడు అంగుళాలకు ఒక పురి చొప్పున ఎక్కించాలి. పురి దిక్కు ఉచ్చుల అల్లిక దిక్కే కావాలి. ఎదురు దిక్కుకు తిప్పితే అల్లిక విడిపోతుంది. పురి మరీ ఎక్కువైతే నారి స్ప్రింగులా సాగుతుంది, మరీ తక్కువైతే పోగులు విడివిడిగా గాలిలో ఊగుతాయి.

కొత్త నారి సర్దుకోవడానికి సమయం ఇవ్వాలి. ఫైబర్‌గ్లాస్ విల్లైతే ఒక రాత్రంతా ఎక్కుపెట్టి ఉంచొచ్చు. చెక్క, వెదురు విళ్ళను అలా ఉంచకూడదు, రెక్కలు ఆ వంపులోనే ఉండిపోతాయి. నారిని దూలానికి తగిలించి, కింది ఉచ్చుకు ఇరవై కిలోల బియ్యం బస్తా రాత్రంతా వేలాడదీస్తే వింటికి ఏ శ్రమా లేకుండా నారి సర్దుకుంటుంది. మర్నాడు ఎక్కుపెట్టి, పట్టుకునే చోటు నుంచి నారికి మధ్య ఎంత ఎడం ఉందో కొలవండి. పొడుగు విల్లుకు ఆరు నుంచి ఏడు అంగుళాలు, రికర్వ్‌కు ఏడు నుంచి తొమ్మిది. తక్కువైతే ఒక ఉచ్చు తీసి పురి ఎక్కించాలి, ఎక్కువైతే విప్పాలి. పిడికిలి బిగించి బొటనవేలు నిలబెడితే వచ్చే ఎత్తు దాదాపు అంతే ఉంటుంది. కొలబద్ద లేని కాలంలో దాంతోనే కొలిచేవాళ్ళు.

మధ్యలో బాణం కూర్చునే చోట, వేళ్ళు పట్టే చోట నారి మీద మరో దారాన్ని దగ్గరదగ్గరగా చుట్టాలి. దీన్నే సర్వింగ్ అంటారు. ఇక్కడే నైలాన్ మెరుస్తుంది. బాణం గాడి కూర్చునే చోటుకు రెండు మూడు అంగుళాల పైనుంచి మొదలుపెట్టి, నాలుగైదు అంగుళాల కింది దాకా. నారి పూర్తిగా సర్దుకున్నాకే చుట్టాలి, లేకపోతే లోపలి నారి సాగి సన్నబడి, పైచుట్టు వదులై జారుతుంది. డైనీమా మీదైతే ఇంకా బిగించి చుట్టాలి. చివర ముడి వేయకూడదు. ఆఖరి ఎనిమిది పది చుట్లను దారం కొస మీదుగా వేసి, కొసను లోపలినుంచి లాగేస్తే ముడి లేకుండా బిగుసుకుంటుంది. చుట్టు లావు సరిపోయిందా లేదా చూడటానికి, బాణాన్ని నారికి తగిలించి నేలవైపు వేలాడదీయండి. దాని బరువుకు అది పడిపోకూడదు. నారిని వేలితో చిన్నగా తడితే పడిపోవాలి. పడకపోతే గాడి బిగువు ఎక్కువ, బాణం వదిలేటప్పుడు నారిని పట్టుకుని ఊగుతుంది. తట్టకుండానే పడిపోతే ఇంకా ప్రమాదం. లాగేటప్పుడు బాణం జారిపోతే విల్లు ఉత్తినే విడిచినట్టవుతుంది. బాణం లేకుండా నారి విడవడం ఏ విల్లుకైనా అన్నిటికన్నా పెద్ద దెబ్బ. బాణం తీసుకెళ్ళాల్సిన శక్తంతా రెక్కల మీదే విరుచుకుపడుతుంది.

మన ఎండల గురించి ఒక హెచ్చరిక. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటొచ్చు. డాక్రాన్‌కు ఏం కాదు, అది 250 డిగ్రీలు దాటితేగాని కరగదు. డైనీమా 150 దగ్గరే కరుగుతుంది, 60, 70 డిగ్రీల్లోనే మెత్తబడి సాగడం మొదలవుతుంది. ఎక్కుపెట్టిన విల్లు కారులో వదిలేస్తే నారి పొడవై, ఎడం తగ్గుతుంది. చెక్క విల్లుకైతే ఆ వేడి ఇంకా చేటు. మైనం పట్టించేటప్పుడు కూడా తోలుముక్కతో మరీ వేగంగా రుద్దకండి, డైనీమాకు ఆ రాపిడి వేడి మంచిది కాదు. మైనం పోగుల మధ్యకు ఇంకేంత గోరువెచ్చదనం చాలు.

ప్రతిసారీ ఎక్కుపెట్టే ముందు మూడు చోట్ల చూపు సారించాలి: పై ఉచ్చు, కింది ఉచ్చు, మధ్య కట్టు కింది అంచు. నూగు లేస్తే మైనం అడుగుతోందని అర్థం. ఒక్క పోగు తెగి కనిపించినా ఆ నారి పని అయిపోయింది. మిగతా పదకొండు మోస్తాయిలే అనుకోవద్దు, ఆ పోగును తెంపిన గరుకు అంచు వింటి గంటులోనే ఉందేమో చూడాలి. ఉంటే సన్నటి గరుకు కాగితంతో గుండ్రంగా నునుపు చేశాకే కొత్త నారి ఎక్కించాలి. పాత నారిని పారేసేముందు దాని పొడవు, పురుల సంఖ్య, ఎక్కుపెట్టినప్పుడు ఉన్న ఎడం ఒక పుస్తకంలో రాసుకోండి, తర్వాతి నారి పేనడానికి అదే కొలత. రాసుకున్నాక ఉచ్చు దగ్గర కత్తిరించేయండి, ఇంట్లో పిల్లలెవరూ దాన్ని తీసి మళ్ళీ వింటికి ఎక్కించకుండా.